తొమ్మిది ఊపిరుల పాట

మొదటి నిద్ర

పాటల ఆఫీసు వారికి దండాలు. నా దస్తూరీ బాగుండదు, తప్పులు కూడా చాలా ఉంటాయి, మన్నించాలి. పైన ఊళ్ళు ఉన్న రోజుల్లో అయిదో తరగతి వరకు చదివాను. ఆ తర్వాత బడికీ నాకూ కుదరలేదు. పెన్ను పట్టి పదేళ్ళు దాటింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచని చోట వదిలేశాను. చదివేవారే కలుపుకోవాలి.

నా పేరు గుండేటి ఓదేలు. వయసు డెబ్బై మూడు. ఈ గని ఊళ్ళో మగవాళ్ళ వరసలో పద్దెనిమిదో మంచం నాది. నా భార్య కొమురవ్వది ఆడవాళ్ళ వరసలో నలభై ఒకటో మంచం.

మీరు పంపిన కొత్త పాట నిన్న అందరి హెడ్‌ఫోన్లలోకి ఎక్కింది. దానితోపాటు ఈ నోటుబుక్కు వచ్చింది. పాట ఎట్లా ఉందో, ఎవరు ఎట్లా పడుకున్నారో ఇరవై నిద్రలు రాయమన్నారు. మా వరస పెద్ద ఐలయ్య తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"ఓదేలన్నా, నువ్వు ఎవలతోని మాట్లాడవు గద. కడుపుల దాసుకున్న మాటలన్ని గిండ్ల వెయ్యి."

అందరూ నవ్వారు. వద్దనడం నాకు చేతకాలేదు.

నా పని చెబుతాను. పడుకునే కూత పడే ముందు పంకాల దగ్గర వట్టివేళ్ళ తడకలు తడపాలి. మొత్తం పన్నెండు. పైన ఎండ ముదిరేసరికి ఒక్క తడక ఆరిపోయినా గని అంతా పొయ్యి అవుతుంది. మేలుకున్న వేళ మెల్లగా తిరిగే నాలుగు పంకాలూ నేను తడిపి వచ్చేటప్పటికి పూర్తి వేగం మీద తిరుగుతుంటాయి. రాతి మీద బండలు దొర్లుతున్నట్టు మోత. పక్క మంచం మీద మనిషి అరిచినా వినబడదు. హెడ్‌ఫోన్లు లేకుండా ఇక్కడ కన్ను మూసినవాడు లేడు.

మంచం ఎక్కి, ఊపిరి చూసే గుండీ మెడ ఎముక కింద అంటించుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాత పాట ఎవరున్నా లేకపోయినా గంటసేపు మోగి ఆగిపోయేది. ఇది అట్లా లేదు. మొదట నా ఊపిరి వెంట అది నడిచింది. కాసేపటికి దాని వెంట నేను నడిచాను. ఎక్కడ మారిందో తెలియలేదు. తంబురా లాంటిది ఒకటి, దాని అడుగున నీళ్ళు మెల్లగా కదిలే చప్పుడు. చివరికి లేపే రాగం వచ్చింది, తెల్లవారుజామున ఎవరో గడప కడుగుతున్నట్టు. కళ్ళు తెరిస్తే లేపే కూత ఇంకా పడలేదు. మోకాళ్ళ నొప్పి లేదు.

పాట బాగుంది.

మూడో నిద్ర

అందరూ బాగుందనే అంటున్నారు. ఐలయ్య గురక తగ్గిందని అతని పక్క మంచం వాడు నాకు ప్రత్యేకంగా చెప్పి రాయమన్నాడు. రాశాను.

కొమురవ్వ మాత్రం ఆలస్యంగా లేచింది. కూటి కూత పడి గంట దాటింది. నా పక్కన ఆమె గిన్నెలో గటక గడ్డ కట్టింది. కొప్పు సర్దుకుంటూ వచ్చి కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది.

"ఏందే, ఇయ్యాల పండుకున్నదానివి పండుకున్నట్టే ఉన్నవు?" అన్నాను.

"పాట ఇడిస్తలేదయ్యా."

"మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. మెట్లబాయి ఉంటది సూడు, గసొంటి దాంట్లకు దిగుతున్నట్టు. ముందట ఎవలో దిగుతున్నరు. వాళ్ళు ఒక్క దమ్ముల పది మెట్లు దిగుతరు. నాకు నాలుగు మెట్లకే దమ్మొస్తది. ఆగు అంటే ఆగుతరు. దగ్గరికి పోంగనే మల్ల దిగుతరు."

"ఎవలు?"

"మొఖం కనవడదు. ఈపే కనవడతది."

గటకలో వేడినీళ్ళు కలిపి ఇచ్చాను. ఆమె తాగి, పుట్టగొడుగుల గదిలో పనికి పోయింది. నేను తడకల దగ్గరికి పోయాను. ఆ పూట ఒక తడకను రెండుసార్లు తడిపి, ఒక దాన్ని మరిచిపోయాను.

ఆరో నిద్ర

కొమురవ్వ పద్నాలుగు గంటలు పడుకుంది.

ఆమె పక్క మంచం సుగుణది. నలభై ఏళ్ళ మనిషి, పుట్టగొడుగుల గదిలో కొమురవ్వతోనే పనిచేస్తుంది. మమ్మల్ని అత్తా మామా అని పిలుస్తుంది. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. తడకల దగ్గరికి వచ్చి నా చేతిలో గొట్టం లాక్కుని పక్కన పెట్టింది.

"మామా, నాకు ఆరు గంటలకే పాట తిరిగి లేపుతున్నది. అత్తకు తిరుగుతనే లేదు. సూసినవా?"

"పెద్ద పానం గద. అలసట."

"అలసటనా? నీకు లేదా మరి? నువ్వు కూత కంటె ముందుగాలనే లేస్తున్నవు. నీకంటె ఆమె మూడేండ్లు సిన్నది."

నేను గొట్టం తీసుకున్నాను. ఆమె నన్ను అట్లాగే చూసి పోయింది.

కూటి వేళ ఐలయ్య మీరు పంపిన కాగితం అందరికీ చదివి వినిపించాడు. ఆరేళ్ళ కింద మీరు కొలిచిన ఊపిరి లెక్క ఒక్కొక్కరి హెడ్‌ఫోన్లలో ఉందట. పాట ఆ లెక్కకు మనిషిని దింపుతుందట. దిగిన తర్వాత ఆరు గంటలు చూసి, లేపే రాగానికి తిరుగుతుందట. ఒకటి రెండు ఊపిరులు అటూ ఇటూ అయితే సర్దుకుంటుందట. అసలే దిగకపోతే దిగేదాకా దింపుతూనే ఉంటుందని కాగితంలో లేదు. కానీ అర్థం అదే కదా.

చివరి వాక్యం ఐలయ్య రెండుసార్లు చదివాడు. పాట తిరగకముందు ఎవరి హెడ్‌ఫోన్లూ ఎవరూ తీయకూడదు. ఎందుకో సరుకు బండివాడు పోయినసారే చెప్పాడు. ముందుగా ఈ పాట ఎక్కించిన ఒక గనిలో ఒకతన్ని అతని అన్న హెడ్‌ఫోన్లు లాగి లేపాడట. ఆ మనిషి లేచాడు. నలభై నిద్రలు అయింది, మళ్ళీ కన్ను మూతపడలేదట. గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాడట.

ఐలయ్య చదువుతున్నంతసేపూ నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కొమురవ్వకు ఏం జరుగుతోందో నాకు అప్పుడే తెలిసింది.

ఏడో నిద్ర

ఈ పుట రాసి చింపేద్దామనుకున్నాను. పుటలకు మీరు నంబర్లు వేసి ఉన్నారు.

ఆరేళ్ళ కింద మీ ఆఫీసు వాళ్ళు ఊపిరి కొలవడానికి వచ్చారు. అందరూ నిద్రలో ఉండగా మంచం మంచానికీ తిరిగి కొలిచారు. నిమిషానికి పద్నాలుగు దాటినవాళ్ళను ఉప్పు గదులకు పంపుతారని ముందే తెలిసింది. ఆ గాలి ఊపిరితిత్తులకు మందు అంటారు. కానీ బండి మీద పదకొండు రోజుల దారి. ఊపిరి జబ్బు ఉన్నవాళ్ళకే అక్కడ చోటు. మొగుడికి లేదు, పెళ్ళానికి లేదు. ఉప్పు గదుల నుంచి ఉత్తరాలు వస్తాయి. మనుషులు ఎవరూ రాలేదు.

కొమురవ్వ చిన్నతనంలో పత్తి మిల్లులో పనిచేసింది. ఆ నూగు లోపల ఉండిపోయింది. నిద్రలో ఆమెకు పదహారు. నాకు తొమ్మిది. నేను బావుల్లో పెరిగిన మనిషిని. పదమూడో ఏట నుంచి మునిగి పూడిక తీశాను, జారిపడ్డ బొక్కెనలు తీశాను, రెండుసార్లు మనుషులను కూడా తీశాను. అడుగుకు పోయినకొద్దీ ఊపిరిని పొదుపుగా వాడాలి. ఆ అలవాటు నిద్రలో కూడా పోలేదు.

కొలిచే ముందు రోజు కొమురవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వే పండుకో నా మంచంల."

"ఆడోళ్ళ వరసలనా?"

"మరి నన్ను మొగోళ్ళ వరసల పండుకోమంటవా? నీదే గద తొమ్మిది. నీ తాన ఉన్నది నాకు జర పెడితే అరుగుతదా?"

మగవాళ్ళ వరస ముందు కొలిచారు. నా మంచం కోడు మీద సుద్దతో తొమ్మిది అని రాసి ముందుకు పోయారు. నేను లేచి వెనక దారిన ఆడవాళ్ళ వరసకు పోయాను. కొమురవ్వ పుట్టగొడుగుల గదిలో దాక్కుంది. ఆమె చీర తల మీద నుంచి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇంతమంది ఆడవాళ్ళ మధ్య ఉన్నానని సిగ్గుతో చచ్చిపోతాననిపించింది. భయానికి ఊపిరి ఎగదన్నింది. బావిలో దిగేటప్పుడు లెక్కపెట్టుకున్నట్టే మనసులో లెక్కపెట్టుకున్నాను. కొలిచే అమ్మాయి మోత తగ్గించే మూతలు చెవులకు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి నా భుజం మీద చేయి వేసి చీర సరిచేసి, సుద్దతో తొమ్మిది అని రాసి పోయింది. ఆ చేయి ఎంత మెల్లగా వేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ అమ్మాయిని మోసం చేశాను.

పాత పాటకు ఈ లెక్కలతో పని లేదు. అందుకే ఆరేళ్ళు ఏమీ కాలేదు. ఇప్పుడు కొత్త పాట కొమురవ్వను నా ఊపిరికి దింపుతోంది. ఆమె అంత దిగలేదు. అలిసి ఊపిరి కాసేపు సన్నబడితే తప్ప అది వదలడం లేదు. ఆ మెట్లబావిలో ఆమెకు కనబడే వీపు నాదే.

తొమ్మిదో నిద్ర

కొమురవ్వకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. నవ్వింది.

"గదేనా! నాకు అనుమానమే. ముందట పోతున్నోడు ఎనుకకు తిరిగి ఒక్క మాటన్న అంటలేడు, గీయన మావోడే అనుకున్న."

నిజం బయటపెడదామంటే ఒప్పుకోలేదు. హెడ్‌ఫోన్లు లేకుండానే పడుకుంటానంది. నూనెలో ముంచిన దూది చెవుల్లో పెట్టుకుంది. తలకు దుప్పటి చుట్టుకుంది. దాని మీద నా తువ్వాల కట్టాను. రెండు నిద్రలు గడిచాయి. ఒక్క కునుకు పట్టలేదు. ఆ మోత చెవుల్లో నుంచే కాదు, మంచం కోళ్ళలో నుంచి కూడా వస్తుంది.

ఈ పూట పుట్టగొడుగులు కోస్తూ నిలబడ్డచోటనే తూలి పడింది. కత్తి అరచేతిలో దిగింది. సుగుణ గుడ్డ కట్టి తీసుకువచ్చింది. పడుకునే కూతకు ముందు కొమురవ్వ తన హెడ్‌ఫోన్లు వెతుక్కుంది. నేను దాచాను.

"ఇయ్యయ్యా."

"వద్దే."

"జర పండుకోనియ్యి. కండ్లల్ల ఇసుక వోసినట్టున్నది. నీ ఈపు ఎనుకనే పోత గద, ఏడికి పోత?"

ఆమె కట్టు మీద నెత్తురు తడి ఉంది. ఇచ్చాను. నా చేతులతో నేనే ఇచ్చాను, ఇది రాసుకోండి.

పదకొండో నిద్ర

పదో నిద్రకు ఏమీ రాయలేదు. రెండూ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

లేపే కూత పడింది, కొమురవ్వ లేవలేదు. కూటి కూత పడింది. మళ్ళీ పడుకునే కూత పడింది. అందరూ పడుకుని ఆరు గంటలకు లేచారు. ఆమె అట్లాగే ఉంది. ముప్పై గంటలు. పెదవులు ఎండి చీలాయి. సుగుణ తడి గుడ్డతో అద్దుతోంది. ఊపిరి పదిహేడు, పైపైన ఆడుతోంది. గుండీ మీద, పాట తిరిగితే ఆరిపోయే ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది.

ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. నేను వరస చివర స్తంభం దగ్గర నిలబడ్డాను. ఐలయ్య వచ్చాడు.

"ఇంక లాభం లేదు. తీసేద్దం. నీళ్ళు లేక పోతది."

"తీస్తే గా గోడకు కూసున్నోని లెక్కనైతది," అని ఒకామె అడ్డుపడింది.

సుగుణ గుడ్డ గిన్నెలో వేసి లేచి నా ముందుకు వచ్చింది.

"మామా, కొలిచిన్నాడు నా పక్క మంచంల పండుకున్నది అత్త కాదు. నాకెర్క."

నేను నేల చూశాను.

"చీర కిందికెల్లి కాళ్ళు బైటికున్నయి. గంతగంత పిక్కలు ఆడిదానికి ఉంటయా? నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్న. ఆరేండ్ల సంది కడుపుల వెట్టుకున్న. ఇంకెన్నడు చెప్తవు? ఆమె పోయినంకనా?"

"ఏం చీర? ఏం కాళ్ళు?" అన్నాడు ఐలయ్య.

అందరూ నా వైపు తిరిగారు. చెప్పాను. నాలుగే మాటలు. "ఆమెది కాదు. నా ఊపిరి."

ఐలయ్య నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"మా చెల్లెకు పదిహేను అచ్చింది. ఒక్కటే ఒక్కటి ఎక్కువ. నేనే బండెక్కించిన. నా చేతులు వట్టుకుని ఇడువలే. రూలు రూలే అని నేనే ఏళ్ళు ఇడిపించిన. నువ్వు నీ పెండ్లాన్ని దాసుకుంటివా ఓదేలన్నా?"

అతను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"పో. ఆనాడు పండుకుంటివి గద. మల్ల పండుకో."

అతను కోపంతో అన్నాడు. కానీ సుగుణకూ నాకూ ఒకేసారి తట్టింది. హెడ్‌ఫోన్లు తీయకూడదు. గుండీ తీయకూడదని కాగితంలో లేదు.

కొమురవ్వ పక్కన మంచం మీద పడుకున్నాను. అందరూ చూస్తున్నారు. సుగుణ హెడ్‌ఫోన్ల కమ్మీ మెల్లగా సాగదీసి ఒక చెవి ఆమెకే ఉంచి, రెండోది నా చెవికి ఆనించింది. ఇద్దరి తలలూ తగిలేలా జరిపింది. గుండీ ఆమె ఒంటి మీద నుంచి తీసి నా మెడ కింద అంటించింది. పాట ఒక్కసారి తడబడింది. అక్కడ ఎవరో తెలియనివాళ్ళను చూసినట్టు ఆగి, మళ్ళీ మొదలైంది.

నా ఊపిరి ఎక్కువైంది. సుగుణ లెక్కపెడితే పదహారు. తొమ్మిదికి రావాలి, కనీసం పదకొండుకు. నిద్రపోతే ఎంతకు పోతుందో తెలియదు, అందుకని మేలుకునే ఉండి దింపాను. బావిలో దిగడం గుర్తు తెచ్చుకున్నాను. మొదట చల్లదనం, తర్వాత చీకటి, తర్వాత చెవుల్లో బరువు. చెవిలో పాట ఉంది, మాట వినబడదు కాబట్టి సుగుణ నా కాలి బొటనవేలి మీద తట్టి లెక్క చెప్పింది. నేను తొందరపడితే గట్టిగా గిచ్చింది. మూడో గంటలో దగ్గు వచ్చింది, మింగాను. అయిదో గంటలో కళ్ళ ముందు పచ్చ మచ్చలు తేలాయి. ఎర్ర చుక్క ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పాట తిరిగింది. ఎవరో గడప కడుగుతున్నారు.

కొమురవ్వ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూసింది.

"సిగ్గు లేదానయ్యా, ఇంతమంది ఆడోళ్ళల్ల! చీరన్న కప్పుకోకపోతివి?"

సుగుణ నవ్వుతూ ఏడ్చింది. ఐలయ్య అప్పటికే వెళ్ళిపోయాడు. గిన్నెతో నీళ్ళు మాత్రం మంచం కింద పెట్టి వెళ్ళాడు.

పద్నాలుగో నిద్ర

అప్పటి నుంచి అట్లాగే గడుపుతున్నాం. ఆడవాళ్ళు చివరి మంచం మాకు ఇచ్చి దుప్పటి అడ్డం కట్టారు. తడకలు నా బదులు ఐలయ్య తడుపుతున్నాడు. నాతో మాట్లాడడు.

కానీ ఇది నిలిచే పని కాదు. మొదటిసారి ఆరు గంటల్లో తిరిగిన పాట, రెండోసారి తొమ్మిది గంటలు తీసుకుంది. ఈ పూట పన్నెండు. నేను పదకొండుకు దింపుతాను, అది నిలవదు, మళ్ళీ మొదటి నుంచి. ఛాతీలో ఎడమ పక్క తాడు బిగించినట్టు ఉంది. నేను డెబ్బై మూడేళ్ళవాణ్ణి. ఆరేళ్ళ కిందటి ఊపిరి నా దగ్గర కూడా లేదు. నా సొంత హెడ్‌ఫోన్లలో ఉన్నది కూడా ఆ తొమ్మిదే. అవి పెట్టుకోవాలంటే నాకే భయంగా ఉంది.

ఈ నోటుబుక్కు మీకు పంపుతానని కొమురవ్వకు చెప్పాను.

"చింపు," అంది.

"నంబర్లున్నయే."

"నీళ్ళల పడ్డదని చెప్పు. తడకల కాడ ఉంటవు గద."

"చెప్ప."

యాభై ఏళ్ళలో ఆమె మాట కాదనడం ఇది మొదటిసారి అనుకుంటాను. ఆమె అరచేతి కట్టు విప్పి మళ్ళీ కట్టుకుంది.

"ఉప్పు గదులల్ల నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె? ఎవలతోని మాట్లాడాలె?"

"నాతోని మాత్రం ఏం మాట్లాడుతున్నవే? నేను ఎన్నడన్న జవాబిచ్చిన్నా?"

"ఇయ్యకుంటె ఏమాయె. ఇనేటోడు ఉన్నడని ఉంటది గద."

దుప్పటి అవతల నుంచి ఐలయ్య దగ్గాడు. తడకల పనికి పోతూ ఆగినట్టున్నాడు. లోపలికి రాలేదు.

"వదినా, మా చెల్లె ఉత్తరంల ఒక ముచ్చట రాసింది. గా గదులల్ల పంకాలు లెవ్వట. ఉప్పు రాయే సల్లగుంటదట."

"మరి పండుకునుడెట్ల?" అంది కొమురవ్వ.

"ఉట్టిగనే పండుకుంటరట. చెవులకు ఏం లేకుంట."

"మోత?"

"ఏం మోత లేదట. పక్క మంచపామె పొర్లేది గూడ ఇనవడతదని రాసింది. మొదలు మొదలు గదే బయమైందట."

ఐలయ్య పోయాక కొమురవ్వ మెల్లగా నన్ను అడిగింది.

"గట్లుంటే నీ ఊపిరి ఇనవడతదా?"

అక్కడ నేను ఉండనని ఆమెకూ తెలుసు.

పదహారో నిద్ర

రేపు సరుకు బండి వస్తుంది. ఇదే నా చివరి పుట. ఇరవై నిద్రలు రాయమన్నారు, రాయలేకపోయాను.

నిన్న పాట తిరగలేదు. పదిహేను గంటలు పడుకుని ప్రయత్నించాను. ఆఖరికి దగ్గు ఆగక లేచి కూర్చున్నాను. కొమురవ్వ అదృష్టం, అంతకు చాలా ముందే, మొదటి గంటలోనే, నా దగ్గు అదురుకు ఆమెకు మెలకువ వచ్చింది. పాట పూర్తిగా పట్టకముందే లేచినట్టుంది, ఆమెకు ఏమీ కాలేదు. పాట ఇంకా తిరుగుతుందో లేదో చూద్దామని నేను ఒక్కణ్ణే దానితో కుస్తీ పడుతుంటే నా పక్కన కూర్చుని నా వీపు రాసింది. ఇక ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకోనని చెప్పింది. నేను కూడా నావి పెట్టుకోను.

నా విన్నపం రాస్తున్నాను. కొమురవ్వ లెక్క తొమ్మిది కాదు, పదిహేడు. దిద్దండి. తప్పు నాది. చీర ఆమెది, పథకం ఆమెది, కానీ పడుకున్నది నేను. సుగుణకు ఏమీ తెలియదని రాస్తానంటే సుగుణే వద్దంది, "అబద్దాలు సాలు మామా, నేను సూసిన అనే రాయి" అంది. ఆమెను ఏమీ అనకండి. ఐలయ్యను అసలే అనకండి.

ఇంకొక మాట. సుగుణ రెండుసార్లు నా ఊపిరి లెక్కపెట్టింది. ఒకసారి కూర్చున్నప్పుడు, ఒకసారి గోడకు ఆనుకుని కునికినప్పుడు. కునికినప్పుడు పదిహేను వచ్చింది. మీ రూలు పద్నాలుగు. దాటితే ఉప్పు గదులే కదా. నేను ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. కొలిచేవారిని పంపితే నన్ను కూడా కొలవండి. ఈసారి పక్కన దీపం పెట్టుకుని, ముఖం చూసి, చేయి పట్టుకుని కొలవండి. పదిహేను వస్తే ఇద్దరినీ ఒకే బండి మీద పంపండి. రాకపోతే ఆమెను ఒక్కదాన్నే పంపండి, నేను అడ్డం రాను.

ఇది మీకు చేరడానికి బండి మీద రెండు నిద్రలు, జవాబు రావడానికి రెండు నిద్రలు పడతాయి. బండివాణ్ణి దారిలో ఆగవద్దని బతిమాలాను. కొమురవ్వ ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని పుట్టగొడుగులు ఏరుతోంది. కునికి తూలి పడకుండా, చెయ్యి ఆగితే నేను పిలుస్తున్నాను. నా పెన్ను ఆగితే ఆమె పిలుస్తోంది. దయచేసి తొందరగా జవాబు రాయండి. అందాకా ఇద్దరం మేలుకునే ఉంటాం.